మా బావ ఓపిక

మా బావను పొగిడేవాళ్ళకు కొదవ లేదు. వాళ్ళలో ఒక్కరూ ఆయనతో ఒకే కప్పు కింద ఉండలేదు. ఉన్నది మా అక్క. అందుకే ఆయన జీవితం గురించి నాలుగు ముక్కలు రాసివ్వమని ఫోటో క్లబ్బువాళ్ళు నన్ను అడిగినప్పుడు, అడగాల్సింది ఆమెను కదా అన్నాను. అడిగారట, ఆమె రాయనందట. సరే, నేనే రాస్తున్నాను. తమ సంచికలో వేసుకుంటారో, చించి చెత్తబుట్టలో వేస్తారో వాళ్ళ ఇష్టం.

బావది పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీసే ఉద్యోగం. పొద్దుణ్ణుంచీ సాయంత్రం దాకా గాజు కిటికీ వెనక నిలబడి, ఊపిరి బిగబట్టండి, కదలకండి, ఇక వదలండి అని చెప్పడమే పని. వారమంతా జనాన్ని కదలొద్దని చెప్పీ చెప్పీ విసుగెత్తిందేమో, ఆదివారం మాత్రం ఎవరికీ ఏమీ చెప్పకుండా ఫోటోలు తీసేవాడు. భుజాన చిన్న కెమెరా, దాని మెరుపు కనిపించకుండా అతికించిన నల్ల టేపు, లోపల నలుపు తెలుపు ఫిల్ము. బస్టాండు, కూరగాయల మార్కెట్టు, కోర్టు మెట్లు, సినిమా హాలు వెనక సందు, ఇవే ఆయన తిరిగే చోట్లు. తీస్తున్నట్టు ఎవరికైనా తెలిసిందా, ఆ ఫోటో చచ్చినట్టే అనేవాడు. కెమెరాను చూసిన మొహం మొహం కాదు, ముసుగు అనేవాడు. ఈ మాట ఎంతమంది ముందు ఎన్నిసార్లు అన్నాడో లెక్క లేదు.

నేను ఫోటోలకు ఫ్రేములు కట్టేవాణ్ణి. కింద షాపు, పైన ఒక గది. అక్క మొగుడు కదా అని ఆ గదిని క్లబ్బుకిచ్చాను. ఇచ్చిన నాటి నుంచీ ఆయన అక్కడ అత్తారింటికొచ్చిన అల్లుడి లాగే కూర్చున్నాడు. కుర్చీ ఆయనదే, కిటికీ పక్క ఆయనదే, ఆఖరి మాటా ఆయనదే.

క్లబ్బులో ఒక పద్ధతి పెట్టాడు. ఎవరి ఫోటో అయినా సరే, ముందు బల్ల మీద తలకిందులుగా నిలబెట్టాలి. తిన్నగా పెడితే మనుషుల్ని చూసి జాలిపడతారు, నవ్వుతారు, చుట్టరికాలు కలుపుతారు. తలకిందులుగా ఉంటే నలుపెక్కడుంది, తెలుపెక్కడుంది, చూపు ఎటు జారుతోంది అన్నదే కనిపిస్తుంది. అందరూ చెప్పాల్సింది చెప్పాక దాన్ని తిప్పేవాడు. ఆ తర్వాత జేబులోంచి వడ్రంగి మూలమట్టంలా ఎల్ ఆకారంలో కోసిన అట్టముక్కలు రెండు తీసి (నా షాపు అట్టలే), ఫోటో మీద అటూ ఇటూ జరిపి, ఇక్కడ కొయ్యి, అక్కడ కొయ్యి అనేవాడు. ఒకసారి రిటైరయిన పోస్టుమాస్టరు అడుక్కునే ముసలావిడ ఫోటో తెచ్చాడు. అట్టముక్కలు జరుపుతూ జరుపుతూ చివరికి రెంటినీ కలిపేసి, ఏమీ మిగల్లేదండీ, ఇందులో ఉన్నది మీ జాలి ఒక్కటే అన్నాడు బావ. పాపం ఆ పెద్దమనిషి మళ్ళీ మెట్లెక్కలేదు. ఆ మాట నిజమే కావడం నన్ను ఇంకా మండించింది.

ఆయన ఫోటోలు బాగుండవని నేను చెప్పను. చెబితే కళ్ళు పోతాయి. మంగలి షాపు ఫోటో ఒకటుంది. సగం గడ్డానికి నురగ, సగం గడ్డం నున్నగా ఉన్న ఒకాయన కుర్చీలోంచి లేచి గుమ్మంలోకొచ్చి వీధిలో దేన్నో చూస్తున్నాడు. వెనక మంగలి కత్తి గాల్లోనే ఉంచి అతని భుజం మీంచి తొంగి చూస్తున్నాడు. వీధిలో జరిగే గొడవ ఫోటోలో లేదు. ఉన్నది చూసేవాళ్ళే. ఆ ఫోటో ఒక కాపీ నేనే అడిగి తీసుకుని షాపులో తగిలించుకున్నాను. గిట్టనివాడి వంట నాలుకకు నచ్చితే ఎట్లా ఉంటుందో, దాన్ని చూసినప్పుడల్లా అట్లా ఉండేది.

కానీ ఒక సంగతి నేను మొదటి నుంచీ అంటూనే ఉన్నాను. ఆయన ఫోటోల్లో బస్తాల మీద నిద్రపోయే కూలీలున్నారు, నిద్రపోయే జడ్జి లేడు. చెప్పు తెగి వీధిలో నిలబడ్డ ఆడవాళ్ళున్నారు, ఆసుపత్రి పెద్ద డాక్టరు భార్య లేదు. తిరిగి అడగలేనివాళ్ళ మీదే ఆయన కెమెరా తిరిగేది. ఈ మాట క్లబ్బులో అంటే, జడ్జిగారు బస్తాల మీద పడుకున్న రోజు నాకు కబురు పెట్టరా, పరిగెత్తుకొస్తాను అన్నాడు. అందరూ నవ్వారు. నోరున్నవాడిదే రాజ్యం.

ఇంకో పద్ధతి కూడా ఉంది, ఇది ముఖ్యం. తీసిన ఫిల్మును ఆయన వెంటనే కడిగేవాడు కాదు. పాత బిస్కెట్ డబ్బాల్లో పడేసేవాడు. వాటి మీద తేదీ ఉండదు, ఊరు పేరుండదు. ఏళ్ళు గడవాలి. ఎక్కడ తీశామో, ఎందుకు తీశామో, ఆ వేళ మన మనసెట్లా ఉందో అంతా మర్చిపోయాక చూస్తేనే ఫోటో కనిపిస్తుందనేవాడు. అంతకు ముందు చూస్తే కనిపించేది మన గుండె కొట్టుకోవడమేనట. వినడానికి బాగానే ఉంటుంది. మర్చిపోవడాన్ని ఒక విద్యగా చెప్పుకున్న మనిషిని నేను ఈయన్నొక్కణ్ణే చూశాను.

అక్క ఫోటోలు ఆ ఇంట్లో బోలెడు. వెనక నుంచి, పక్క నుంచి, నోరు తెరుచుకుని నిద్రపోతూ, సూదిలో దారం ఎక్కిస్తూ. ఒక్కదాంట్లోనూ ఆమె మనల్ని చూడదు. నేను మీ వైపు చూస్తుంటే ఒక్కటి తియ్యరాదా అని ఆమె ఒకసారి అడిగింది, నా ముందే. దానికి స్టూడియోవాడున్నాడుగా అని నవ్వేశాడు. ఆమె మళ్ళీ అడగలేదు. నాకు ఒళ్ళు మండి ఏదో అనబోతే, ఆమె ఎప్పుడూ అనే మాటే అంది.

"నాన్న చెయ్యి పట్టుకున్న మనిషిరా. వదిలెయ్."

దాంతో నా నోటికి తాళం పడేది. ఎప్పుడూ అంతే. ఆ మాట వెనక సంగతి చెప్పాలి.

మా నాన్న పోయింది బావ పనిచేసే ఆసుపత్రిలోనే. ఊపిరితిత్తుల జబ్బు. నేను గాజు పలకల లోడు కోసం పొరుగూరు వెళ్ళి, కబురంది బయల్దేరినా వేళకు చేరలేకపోయాను. ఆ రోజు ఆదివారం, అక్కా బావే ఉన్నారు. ఆ పొద్దున వార్డులో చలిగా ఉందని నాన్న తన బూడిదరంగు స్వెట్టరు విప్పి, పట్టుబట్టి అక్కకు తొడిగించాడట. మధ్యాహ్నానికి ఆయాసం ఎక్కువైంది. చూసి తట్టుకోలేక అక్క ఏడుపు మొదలుపెట్టింది. నువ్వెళ్ళి మొహం కడుక్కుని రా, నేనున్నాను కదా అని బావ ఆమెను కిందికి పంపాడు. ఆ రోజంతా ఆమె మంచం విడిచి వెళ్ళింది ఆ ఒక్కసారే. ఆసుపత్రి వెనక పెరట్లో కుళాయిల దగ్గర కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని పైకి వచ్చేసరికి నాన్న లేడు. మంచం పక్కన బావ నిలబడి ఉన్నాడు. నా చెయ్యి పట్టుకునే పోయారు, ఏమీ బాధపడలేదు, నీ పేరే అన్నారు అని చెప్పాడు. స్వెట్టరును ఆ సాయంత్రం నాన్న మీదే కప్పి సాగనంపాం.

బావ చెప్పిన ఆ ముక్క మీదే అక్క ఇన్నేళ్ళూ బతికింది. తండ్రి ఆఖరి ఘడియలో తాను పక్కన లేకపోయినా తన మనిషి ఉన్నాడు, ఆయన ఒంటరిగా పోలేదు, తనను తలుచుకునే పోయాడు. బావ ఎంత మాటన్నా, ఎన్నిసార్లు ఇల్లు పట్టకుండా తిరిగినా, ఆ పద్దు కింద కొట్టేసుకునేది.

బావ రిటైరైన ఏడాది, లైబ్రరీ హాల్లో ఆయన ఫోటోల ప్రదర్శన పెట్టాలని క్లబ్బు అనుకుంది. పాత డబ్బాలన్నీ తెరిచి, ఫిల్ములు కడిగి, పెద్ద సైజులో ప్రింట్లు వేయించి, అట్ట మీద అంటించడానికి నా షాపుకు పంపాడు. ఒక్కొక్కటీ బల్ల మీద పరుచుకుంటూ పోతున్నాను. ఒకదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది.

పై నుంచి తీసిన ఫోటో. గోడ వెంబడి వరసగా కుళాయిలు. తడిసిన గచ్చు మీద ఆకాశం తెల్లగా పరుచుకుని ఉంది. మిగతా అంతా కాటుక నలుపు. ఒకే ఒక్క ఆడమనిషి కుళాయి తిప్పి, నీళ్ళు పోతుంటే పోనిచ్చి, గోడకు నుదురానించి నిలబడి ఉంది. మొహం సగమే తెలుస్తుంది. ఇన్నేళ్ళుగా ఎందరి ఫోటోలకో ఫ్రేములు కట్టాను, ఇంతకన్నా మంచిది నా చేతికి రాలేదని ముందు అనుకున్నాను. తర్వాత ఆమె వేసుకున్న స్వెట్టరు చూశాను. ఒంటికన్నా చాలా పెద్దది. చేతులు మడతలు మడతలుగా మోచేతి దాకా ఎక్కించి ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం పనేమీ సాగలేదు. కిటికీ దగ్గరికి ఒక్క క్షణం వచ్చి ఒక్కటి నొక్కి మళ్ళీ మంచం దగ్గరికి వెళ్ళి ఉంటాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అంత మాత్రానికి చెయ్యి పట్టుకోలేదని కాదుగా. ఏదేమైనా ఇది అక్క కంట పడకూడదు. పడితే ఆమె కూడా నాలాగే లెక్క వేసుకుంటుంది. సాయంత్రం బావతో, ఆ కుళాయిల ఫోటో బాలేదు, తీసెయ్ అన్నాను. కారణం చెప్పలేదు. ఆదివారం అందరూ చూసి చెబుతారులే, నీదాకా ఎందుకు అన్నాడు. నేను ఏ స్వెట్టరు గురించి కుతకుతలాడుతున్నానో ఆయన ధ్యాసలోనే లేదు. ఆయన పద్ధతి ప్రకారం నిజంగానే మర్చిపోయాడు.

ఆదివారం మెట్లెక్కేసరికి అక్క అక్కడ కూర్చుని ఉంది. ఎన్నడూ లేనిది బావే పిలిచాడట, నీ ఫోటో ఒకటుంది రా అని. తల దువ్వుకుని, బయటికి వెళ్ళేటప్పుడు కట్టుకునే బట్టలు కట్టుకుని, కళ్ళద్దాలు తుడుచుకుంటూ వెనక వరసలో సర్దుకుని కూర్చుంది. 

ఫోటో అప్పటికే బల్ల మీద ఉంది, తలకిందులుగా. అక్క తల పక్కకు వంచి చూస్తోంది గానీ ఏమీ బోధపడుతున్నట్టు లేదు. తిప్పకముందే దాన్ని చంపాలి. నేనే లేచాను. కుడిపక్క అంతా ఖాళీగా ఉందన్నాను. నలుపు మరీ ఎక్కువైందన్నాను. పై నుంచి దొంగచూపు చూసినట్టుందన్నాను.  బావకు హుషారొచ్చింది. ఖాళీ లేకపోతే ఆ మనిషి ఒంటరి అని నీకెట్లా తెలుస్తుందిరా అన్నాడు. నలుపు తగ్గిస్తే నీళ్ళ తెలుపు ఎక్కడ నిలబడుతుందన్నాడు. దొంగచూపు కాని ఫోటో ఉంటే పట్టుకురా అన్నాడు. ప్రతి జవాబూ సరైనదే. అంటూ అంటూనే ఫోటోను తిన్నగా తిప్పేశాడు.

అక్క కళ్ళద్దాలు సవరించుకుని చూసింది. నేనే కదా అంది మెల్లగా, ఎవరితోనో తెలియకుండా. ఆమె మొహంలో ఇంకా ఏ లెక్కా మొదలవలేదు. నాకు ఒకటే దారి తోచింది.

"ఇందులో నీ గొప్పేముంది బావా? అటు పోతూ పోతూ ఒక్కటి నొక్కి ఉంటావు, అదృష్టం కొద్దీ పడింది."

అటు పోతూ, ఒక్కటి అన్న మాటలు ఆమె చెవిన పడాలని గట్టిగానే అన్నాను. అవి ఆయన అహం మీద పడ్డాయి. అదృష్టమా అంటూ సంచిలోంచి ఒక షీటు తీశాడు. ఫిల్ములోని ఫోటోలన్నీ తీసిన వరసలో, చిన్నచిన్నగా ఒకే కాగితం మీద అచ్చువేసిన షీటు అది. దాన్ని భూతద్దంతో సహా మొదటి వరసలో కూర్చున్న లెక్చరరు చేతికిచ్చి, చూసి చేతులు మార్చండి అన్నాడు.

"ఈమె కుళాయి దగ్గరికి వచ్చినప్పట్నుంచి వెళ్ళేదాకా ఉంది చూడండి. పై కిటికీలోంచి మొదలుపెట్టాను. కుదరక మెట్ల మలుపుకు దిగాను. అక్కడా కుదరక మళ్ళీ పైకెళ్ళాను. కన్నార్పకుండా నిలబడితే దొరికింది ఇది. దీన్ని అదృష్టం అనరు, ఓపిక అంటారు."

షీటు చేతులు మారింది. ఒక్కొక్కరూ భూతద్దం ఆనించి, ఆహా అని తలూపి పక్కవాళ్ళకిచ్చారు. మధ్యలో లాక్కుందామని చెయ్యి చాచాను. నువ్వు తర్వాత చూద్దువుగాని అని బావే నా చేతిని పక్కకు నెట్టాడు. వెనక వరసకు చేరింది. అక్క ఒక్కొక్క గడి మీదా భూతద్దం ఆపి, చదువుకుంటున్నట్టు చూసింది. అది అయ్యాక లేచి ముందుకొచ్చి, షీటును బల్ల మీద పెట్టి, పెద్ద ఫోటో ఎదురుగా నిలబడింది.

"ఫోటో చాలా బాగుందండీ" అంది.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె ఆయన ఫోటోను మెచ్చుకోవడం నేను విన్నది అదే మొదలు. బావ మొహం వెలిగిపోయింది. నిజంగా సంతోషించాడు, ఆ మాట దాచి లాభం లేదు. అక్క ఫోటో మీంచి చూపు తిప్పకుండానే అడిగింది.

"అప్పుడు నాన్న దగ్గర ఎవరున్నారు?"

ఏ నాన్న అన్నట్టు చూశాడాయన. తర్వాత తన ఫోటో వైపు చూశాడు. దాన్ని తీసినవాడు, కడిగినవాడు, నలుపెంత తెలుపెంత అని రోజుల తరబడి కొలుచుకున్నవాడు, ఆ స్వెట్టరును అప్పుడు చూశాడు. నోరు తెరిచాడు. అది వేరే రోజు అంటాడని నేను ఎదురుచూశాను. అనాలని కూడా కోరుకున్నాను, దేవుడా ఈ ఒక్క అబద్ధం చెప్పించు అని. చెప్పడానికి తోచలేదో, ఆమె ముందు చెప్పలేకపోయాడో తెలియదు.

"వెలుతురు పోతుందేమోననుకున్నాను" అన్నాడు.

 లెక్చరరు షీటును జాగ్రత్తగా బోర్లా పెట్టాడు. అక్క అక్కణ్ణుంచి నాతోపాటు మా ఇంటికి వచ్చింది. ఏడవలేదు, తిట్టలేదు. అన్నం పెడితే తింది.

మర్నాడు బావ మా గుమ్మంలోకి వచ్చాడు. ఆ ఫోటో ప్రదర్శనలో పెట్టను, నెగటివు కూడా కాల్చేస్తాను, ఇంటికి రా అన్నాడు. నాకైతే మెడపట్టి గెంటాలనిపించింది. అక్క లోపలి నుంచే, పెట్టండి అంది. షీటు కూడా పక్కనే పెట్టండి, అంత ఓపిగ్గా తీశారు కదా అంది. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే ఆయన పోట్లాడి ఉండేవాడు.

అట్లాగే పెట్టారు. ప్రదర్శన మొదలైన రోజున అక్క లైబ్రరీ హాల్లో ఒక కుర్చీ అడిగి, ఆ ఫోటో పక్కన వేయించుకుని, వచ్చేవాళ్ళ వైపు తిరిగి కూర్చుంది. ఫోటో దగ్గర జనం ఆగేవారు. ఎంత ఓపికో అనేవారు. వాళ్ళకు ఆమె చెప్పేది: అందులో ఉన్నది నేను. అప్పుడు పై అంతస్తులో మా నాన్న పోతున్నాడు. ఈ ఫోటో తీసినాయన నాన్న మంచం దగ్గర ఉంటానని నన్ను కిందికి పంపారు. మా ఆయనే. ఇంతే. ఏ మాటా ఎక్కువ లేదు, తక్కువ లేదు. కొందరు వెంటనే పక్క ఫోటోకు జరిగిపోయేవారు. కొందరు మళ్ళీ చూసేవారు.

బావ నన్ను పక్కకు లాగి, దాన్ని అక్కణ్ణుంచి లేపరా, ముందే అంతా చెప్పేస్తే ఫోటో చచ్చిపోతుంది అన్నాడు. నువ్వే లేపుకో అన్నాను. ఆయన ఆమె దాకా వెళ్ళి నిలబడ్డాడు. ఆమె తలెత్తి ఆయన కళ్ళలోకి చూసింది. ఆయన వెనక్కి తిరిగి బయటికి పోయాడు. మర్నాటి నుంచి తన ప్రదర్శనకు తానే రాలేదు.

ఇప్పుడు అక్క మా ఇంట్లోనే ఉంటోంది. ఆయనకు ఒంట్లో బాగుండటం లేదని, ఇదే సందర్భంగా ఆయన మీద సంచిక తెస్తున్నామని క్లబ్బువాళ్ళు అంటున్నారు. తెచ్చుకోండి. మంచి ఫోటోలు తీశాడని నేనూ రాశానుగా.

ప్రదర్శన ఆఖరి రోజున ఒక కాలేజీ అమ్మాయి, మెడలో కెమెరాతో, ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడింది. అక్క చెప్పేదంతా విని వెళ్ళిపోలేదు. ఇంత జరిగినా ఇది మంచి ఫోటోయే అనిపిస్తోంది, అట్లా అనుకోవడం తప్పా అని అడిగింది. తప్పేముంది, మంచి ఫోటోనే అంది అక్క. మరి తీసినందుకు మీకు కోపం లేదా అంది ఆ పిల్ల.

"తీసినందుకు కాదమ్మా. మా నాన్న చెయ్యి పట్టుకున్నానని చెప్పారు, నా పేరే అన్నాడని చెప్పారు. ఆయన ఎట్లా పోయాడో నాకు తెలుసనుకుని ఇన్నేళ్ళు బతికాను. నన్ను పిలిచాడో, భయపడ్డాడో, లేవబోయాడో, ఎవర్ని అడగను? ఆ కాసేపూ మా నాన్నను చూసినవాళ్ళు ఎవరూ లేరు."